ఈఎంఐకి మూఢం ఉండదు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. గుంటూరులో ప్రైవేటు ఉద్యోగం, జీతం 30,000. ఇంటి ఖర్చులకు అమ్మకు 14,000 ఇస్తాను. లక్ష రూపాయల చీటీ వేశాను. నెలకు 5,000 చొప్పున 20 నెలలు, అందులో 8 కట్టేశాను. బ్యాంకులో 18,000 ఉన్నాయి. ఆదివారాలు చర్చిలో బేస్ గిటార్ వాయిస్తాను, దానికి డబ్బు తీసుకోను. పెళ్లి రిసెప్షన్లకు, ఆర్కెస్ట్రాలకు పిలిస్తే ఒక్కో ప్రోగ్రాంకి 1,500 ఇస్తారు. సీజన్‌లో నెలకు మూడు, నాలుగు వస్తాయి. నా దగ్గర యమహా టీఆర్‌బీఎక్స్ 174, ఒక 10 వాట్ల ఆంప్ ఉన్నాయి. ఐదు తీగల బేస్ 52,000, 100 వాట్ల ఆంప్ 32,000 చెప్పారు. ఈ 84,000 ఈఎంఐలో పెట్టాలా, చీటీ పాడేయాలా?

జవాబు: ముందు మీరడిగిన రెండు దారుల ఖరీదు చూద్దాం. కార్డు మీద 16 శాతం వడ్డీతో 12 నెలల ఈఎంఐ పెడితే నెలకు సుమారు 7,620 పడుతుంది. ఏడాదికి వడ్డీ దాదాపు 7,450. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, పైన ప్రాసెసింగ్ ఫీజు. అంతా కలిపి 9,000 చిల్లర అదనం. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నా సంతోషపడకండి. అదే సరుకు రొక్కానికి ఎంతకిస్తారో అడిగితే వడ్డీ ఎక్కడ దాక్కుందో తెలిసిపోతుంది.

చీటీ సంగతి ఇంకా ఖరీదు. పాట 20,000 దగ్గర ఆగిందనుకుంటే చేతికి 80,000 వస్తుంది. ఆఖరిదాకా ఆగితే 5 శాతం కమీషన్ పోను 95,000 రావాలి. అంటే ఏడాది ముందు ఎత్తుకున్నందుకు 15,000 వదులుకుంటున్నారు. మిగిలిన 12 వాయిదాలు ఎటూ కట్టాల్సిందే.

ఈ రెండిట్లో ఈఎంఐ చవకే. అయినా వద్దంటాను. అమ్మకిచ్చేది, చీటీకి కట్టేది పోను మీకు మిగిలేది 11,000. అందులోంచి 7,620 పోతే పెట్రోలు, ఫోను, టిఫిను అన్నీ 3,400లో సర్దుకోవాలి. ప్రోగ్రాం డబ్బులొస్తాయి కదా అంటారేమో. సీజన్‌లో వస్తాయి. ఆషాఢంలో ఎవరు పెళ్లి చేస్తారు? మూఢం వస్తే ముహూర్తాలే ఉండవు. భాద్రపదం, పుష్యం కూడా అంతే. వాయిదా తేదీ మాత్రం పంచాంగం చూసుకుని రాదు.

ఇక సరుకు దగ్గరికి వద్దాం. మీ బేస్ మొదటి మెట్టుదే, కానీ అది పనికిరానిది కాదు. దాంట్లో తీగల మోతను పట్టి ఆంప్‌కి పంపే పికప్‌లు పీ, జే రెండు రకాలవీ ఉన్నాయి. చాలామంది పాత బేస్ మీద విసుగు పుట్టి కొత్తది కొంటారు, అసలు విసుగు చచ్చిపోయిన తీగల వల్ల. మీ తీగలు మార్చి ఎన్నాళ్లయింది? వాటిని వేడినీళ్లలో మరిగించి మళ్లీ వేసుకునేవాళ్లూ ఉన్నారు. అది నాలుగు రోజుల ముచ్చటే. కొత్త సెట్టు వేయించండి. వాన తేమకీ ఎండకీ గిటార్ మెడ వంగుతుంది. చేతి నైపుణ్యం ఉన్న రిపేరు మనిషి దగ్గర మెడ లోపలి ఇనుప కడ్డీ (ట్రస్ రాడ్) సరిచేయించి, తీగల ఎత్తు, ప్రతి మెట్టు మీదా శృతి సరిగా పలుకుతోందా అనే ఇంటొనేషన్ చూపించండి. గరగర లేని కేబుల్ ఒకటి కొనండి. ఈ మొత్తానికి 4,000 గీత గీసుకోండి.

తర్వాత డీఐ బాక్సు, అంటే బేస్‌ని నేరుగా సౌండ్ వాళ్ల మిక్సర్‌కి కలిపే చిన్న పెట్టె. రిసెప్షన్లో మీ వెనకున్న ఆంప్ హాలంతటికీ వినిపించదు. జనం వినేది సౌండ్ వాళ్ల స్పీకర్లే. మీది పాసివ్ (లోపల బ్యాటరీ లేని) బేస్ కాబట్టి యాక్టివ్ డీఐ తీసుకోండి, మిక్సర్ నుంచి వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌తో పనిచేస్తుంది. ప్రోగ్రాంలలో మీ బేస్ సౌండు నిజంగా మారేది ఇక్కడే. దీనికి 3,000 పక్కన పెట్టండి.

ఆంప్ మార్చాలనే కోరిక మాత్రం న్యాయమైనదే. బేస్ అడుగు తీగ ‘ఈ’ (E), సుమారు 41 హెర్ట్జ్. 10 వాట్ల చిన్న స్పీకర్ ఆ స్థాయిని సరిగా పలకలేదు. ఐదో తీగ ‘బీ’ (B) అయితే 31 హెర్ట్జ్‌కి దిగుతుంది. అంటే 52,000 పోసి ఐదు తీగలది కొన్నా మీ ఇంట్లో ఆ ఐదో తీగ మీకే సరిగా వినబడదు! అందుకే బేస్ కంటే ముందు ఆంప్. కానీ 100 వాట్లే ఎందుకు? వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు పదింతల పవర్ కావాలి. ఫెండర్ రంబుల్ 40 లాంటిది, 10 అంగుళాల స్పీకర్‌తో, వెనక మిక్సర్‌కి లైన్ ఔట్‌తో మీ అవసరానికి సరిపోతుంది. ఒక చేత్తో మోసుకెళ్లొచ్చు కూడా. సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. షోరూమ్ గడప దాటగానే పడిపోయే విలువ ఎలాగూ మొదటి యజమాని భరించేసి ఉంటాడు.

ఐదు తీగలది మీకెందుకో నాకు తెలుసు. పాడేవాళ్ల శృతిని బట్టి కీబోర్డు అతను ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి కూర్చుంటాడు, కింది స్వరాలు వెతుక్కునే కష్టమంతా మీది. అయినా అడుగు ‘డీ’ (D) స్వరం కోసమే అయితే ‘ఈ’ (E) తీగను ఒక స్వరం దించి ట్యూన్ చేసుకుంటే పైసా ఖర్చు లేదు. తప్పనిసరైన ప్రోగ్రాంకి ఒక రాత్రికి అద్దెకు తెచ్చుకోండి, ఆ అద్దె ముందే చెప్పి ఆర్గనైజర్ దగ్గర రాబట్టండి.

డబ్బు ఎక్కడినుంచి అంటారా? జీతం లోంచి వద్దు, ఆ 18,000 లోంచి అసలే వద్దు. అమ్మకు ఒంట్లో బాగోకపోతే మీకున్న ఆధారం అదొక్కటే. వాద్యం ఖర్చు వాద్యమే సంపాదించాలి. ప్రోగ్రాం డబ్బుకు వేరే ఖాతా తెరిచి 1,500 వచ్చినప్పుడల్లా 1,000 అందులో వేయండి. సీజన్ నెలలో 3,000 నుంచి 4,000 చేరుతుంది. మొదటి 7,000 తీగలకీ సెటప్‌కీ డీఐకీ, తర్వాతది ఆంప్‌కి. డిసెంబరు వస్తోందంటే సెమీ క్రిస్మస్ ప్రోగ్రాంలకు బేస్ వాళ్లకు గిరాకీ ఉంటుంది. అప్పుడు 2,000 అడగడానికి మొహమాటపడకండి. చర్చి సేవ వేరు, బయట ప్రోగ్రాం వేరు.

కాలేజీ రోజుల్లో నేనూ అప్పు చేసి ఒక కీబోర్డు కొన్నాను. వాయించింది పదిసార్లు, వాయిదాలు కట్టింది పద్దెనిమిదిసార్లు. మీరు వారం వారం వాయిస్తున్నారు, నాతో పోలిక లేదు. అందుకే కొనొద్దనడం లేదు, వరస మార్చమంటున్నాను.

చీటీ చివర్లో చేతికొచ్చినప్పుడు, అప్పటికీ ఐదో తీగ కావాలనిపిస్తే, వాడిన బేస్ చూడటానికి మీ సొంత కేబుల్ తీసుకెళ్లండి. మెడను చివరినుంచి కంటితో చూసి వంపు ఉందేమో గమనించండి. ప్రతి ఫ్రెట్ మీదా వాయించండి, నాబ్‌లు తిప్పినప్పుడు చిటపట ఉందేమో వినండి. పాతది అమ్మేసి ఆ డబ్బు కలపండి. ఆలోపు ఒక పని రేపే చేయండి: మీ చీటీ చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైందో లేదో కాగితం అడిగి చూసుకోండి. నోటిమాట చీటీ అయితే ఈ లెక్కలన్నీ మళ్లీ వేయాల్సి వస్తుంది, అప్పుడు నాకు ఇంకో ఉత్తరం రాయండి.