థీసిస్‌లో తేలింది అంగన్‌వాడీ దాకా చేరాలంటే ఎవరిని కలవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: హైదరాబాద్‌లో పిల్లల వికాసం మీద పీహెచ్‌డీ చేస్తున్నారు. అంగన్‌వాడీ టీచర్ రోజూ ఒక కథ చదివి, దాని మీద పిల్లల్ని మాట్లాడిస్తే 3–5 ఏళ్ల వాళ్లకు మాటలు బాగా వస్తున్నాయని తేలింది. జర్నల్లో వేస్తే చాలని మీ గైడ్ అంటున్నారు. ప్రభుత్వం దాకా తీసుకెళ్లాలని మీకుంది. ఎవరిని కలవాలి?

ముందు ఒక అంగన్‌వాడీ టీచర్‌ని కలవండి. తర్వాత చుట్టుపక్కల సెంటర్లను చూసే సెక్టార్ సూపర్‌వైజర్‌ని, ఆ తర్వాత సీడీపీవోని, అంటే ఆ సూపర్‌వైజర్ల పై అధికారిని. పెద్దాఫీసు అన్నిటికన్నా చివర. నేను దీన్ని తలకిందులుగా చేసి రెండేళ్లు పోగొట్టుకున్నాను.

హోంసైన్స్ చదివి ఒక స్వచ్ఛంద సంస్థలో రీసెర్చ్ పనికి చేరాను. బోరబండ, అడ్డగుట్ట వైపు బస్తీల్లో తిరిగి, మీ అంశానికి దగ్గరి అంశం మీదే 84 పేజీల రిపోర్టు తయారుచేశాం. రంగుల గ్రాఫులు, స్పైరల్ బైండింగ్, అన్నీ ఘనంగా ఉన్నాయి. ఒక పెద్ద అధికారి అపాయింట్‌మెంట్ కోసం నెలన్నర తిరిగితే 20 నిమిషాలు దొరికాయి. 32 స్లైడ్లు పట్టుకెళ్లాను. ఆయన విసుక్కోలేదు, పూర్తిగా విన్నారు. చివర్లో, "అమ్మా, మీరు చెప్పింది కాదనేవాళ్లు ఎవరూ ఉండరు. రేపు నేను సర్క్యులర్ ఇవ్వాలంటే అందులో ఏం రాయాలి?" అన్నారు.

"టీచర్లు పిల్లలతో ఇంకా ఎక్కువ మాట్లాడాలని రాయొచ్చు సార్."

"ఎప్పుడు మాట్లాడాలి? ఆ టైములో ఇప్పుడు చేస్తున్న పని ఎవరు చేస్తారు?"

నా దగ్గర జవాబు లేదు. 84 పేజీల్లో ఎక్కడా ఆ సంగతే లేదు. కొన్ని నెలల తర్వాత సెక్షన్‌కు వెళ్లి మా రిపోర్టు ఏమైందని అడిగితే 'ఎల్.డిస్' అని రాసిన కాగితం చూపించారు. సర్కారు ఆఫీసులతో పని పడనివాళ్లకు చెప్తున్నాను, కొన్నాళ్లు ఉంచి తీసేసే కాగితాలకు పెట్టే గుర్తు అది. కోపం రాలేదని చెప్పాలనుంది గానీ, వచ్చింది.

ఒకందుకు వాళ్లు చదవకపోవడమే మంచిదైంది. బొమ్మ చూపించి పేరు చెప్పమనే పరీక్ష ఒకటి పెట్టాం మేం. బయటి నుంచి తెచ్చిన పరీక్షను తెలుగులోకి మార్చుకుని, మన పిల్లలకు తెలియని బొమ్మలు తీసేసి, గొప్పగా 'స్థానికం' చేశామనుకున్నాం. రిపోర్టు ఇచ్చేశాక, వేరే పని మీద అదే బస్తీలో, పరీక్ష పెట్టే మా సర్వే కుర్రాడి పక్కన కూర్చున్నాను. వంకాయ బొమ్మ చూపిస్తే నాలుగేళ్ల పాప ఠక్కున "బైంగన్" అంది. ఫారంలో 'వంకాయ' అని ఉంది కాబట్టి కుర్రాడు ఇంటూ కొట్టాడు. వాడి తప్పు కాదు, మేం ఇచ్చిన ట్రైనింగ్ అదే. ఆ పిల్లలకు ఇంట్లో ఉర్దూ, గల్లీలో తెలుగు. కొన్ని ఇళ్లలో లంబాడీ. రెండు మూడు భాషల్లో చలాకీగా తిరిగే పిల్ల మా పట్టికలో మాటలు వెనకబడిన పిల్లగా పడింది. పాత ఫారాలు తీసి సరిచేద్దామంటే, పిల్లలు అసలు ఏమన్నారో రాసి లేదు, ఇంటూలే ఉన్నాయి. ఆ పట్టికను చూసి ఎవరైనా "ఈ బస్తీల పిల్లలకు ప్రత్యేక తరగతులు" అని జీవో తీసి ఉంటే? ఇప్పటికీ తలచుకుంటే టెన్షన్ వస్తుంది. మీ ఫారాల్లో పిల్లలు అన్న మాట అన్నట్టే రాసి ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

రెండోసారి పని అధికారి అడిగిన ప్రశ్న దగ్గర మొదలుపెట్టాను. ఒక టీచర్ పక్కన వాచీ పెట్టుకుని రెండు వారాలు కూర్చున్నాను. నోటు పుస్తకంలో ఎడమవైపు టైము, కుడివైపు ఆమె చేస్తున్న పని. ఆ సెంటర్లో ఆయా పోస్టు ఖాళీ. కాబట్టి ఊడ్చేది, నీళ్లు పట్టేది, పప్పు పొయ్యి మీద పెట్టేది కూడా టీచరే. ఆరోగ్యలక్ష్మి కింద 2015 జనవరి 1 నుంచి గర్భిణులకు, బాలింతలకు సెంటర్లోనే అన్నం, పప్పు, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెడుతున్నారు. మంచి పథకం, దానికి వంక పెట్టను. కానీ వండేది, వడ్డించేది, సంతకాలు తీసుకునేది ఒక్క మనిషే. చిన్నపిల్లల తల్లులకు బాలామృతం ప్యాకెట్లు ఇవ్వాలి. బరువులు తూచాలి. ఫోన్లో వివరాలు ఎక్కించాలి, సిగ్నల్ లేకపోతే గడప దగ్గరికెళ్లి చెయ్యెత్తి నిలబడాలి. మొదటి రోజు పిల్లలతో కూర్చుని ఆమె చెప్పిన చదువంతా కలిపితే 35 నిమిషాలు, అదీ ఐదారు ముక్కలుగా.

"మేడం, గుడ్ల బండి వచ్చిననాడు పాట లేదు, కథ లేదు" అంది నవ్వుతూ. "లెక్కవెట్టి తీసుకోకుంటే పగిలినయి నా మీదికే వస్తయి."

ఆ రెండు వారాల్లో ఒక విచిత్రం కనిపించింది. పదిన్నర నుంచి పదకొండు వరకు పిల్లలందరూ వచ్చి ఉంటారు, ఆకలి ఇంకా మొదలవదు, చెప్పింది వాళ్లు వినే వేళ అదొక్కటే. సరిగ్గా అప్పుడే టీచర్ ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెడుతోంది. 11 లోపు పెట్టాలట. ఎవరు చెప్పారని అడిగితే ఎవరికీ తెలియదు. రాతలో ఎక్కడా లేదు, ఎప్పుడో ఎవరో మీటింగులో అన్నమాట అలా నడిచిపోతోంది.

ఈసారి రాసింది ఒకటే పేజీ. ఫొటోలు మధ్యాహ్నం రెండు తర్వాత పెట్టుకోనివ్వండి, ఆ అరగంట కథకు వదలండి, ఖర్చు సున్నా. కింద నా నోటు పుస్తకంలోంచి మూడు రోజుల టైము పట్టిక. సీడీపీవో మేడం నిలబడే చదివి, "దీనికి పైనుంచి పర్మిషన్ కూడా అక్కర్లేదు కదా" అన్నారు. సెక్టార్ మీటింగుల్లో చెప్పించారు. కొన్ని నెలలు బాగా నడిచింది. ఆమెకు బదిలీ కాగానే పొద్దుటి ఫొటోలు మళ్లీ మొదలయ్యాయి! అదే పేజీకి తేదీ మార్చి కొత్త అధికారి దగ్గరికి వెళ్లాను. "ఇంతకుముందు ఎక్కడన్నా చేశారా?" అన్నది మొదటి ప్రశ్న. అదృష్టవశాత్తు పాత మీటింగ్ మినిట్స్ జిరాక్సు నా సంచీలో ఉంది. మీరు కూడా ఎవరు సరే అన్నా, ఎంత చిన్న మీటింగయినా, మినిట్స్‌లో ఒక్క లైను రాయించుకోండి. మనుషులు మారతారు, ఫైల్లో కాగితం ఉంటుంది.

టీచర్ సమయం సంగతి నేను కనిపెట్టింది కాదు. తమిళనాడులో లాటరీ పద్ధతిలో కొన్ని సెంటర్లు ఎంచి, సగం పూట పనిచేసే ఇంకో మనిషిని అదనంగా పెట్టి చూశారు. కార్తీక్ మురళీధరన్, మరికొందరు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం. చదువు చెప్పే సమయం రెట్టింపైంది. 18 నెలలకు పిల్లల భాష, లెక్కలు మెరుగయ్యాయి, వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలూ తగ్గారు. మీ నోట్‌లో దీన్ని తప్పక పెట్టండి. దక్షిణాది రాష్ట్రంలోనే జరిగిందంటే మన ఆఫీసుల్లో విలువ ఎక్కువ. అమెరికాది చెప్తే తలాడిస్తారు, తమిళనాడుది చెప్తే పెన్ను తీస్తారు.

పరిశోధన పథకంగా మారిన కథలు మన ఊళ్లోనే ఉన్నాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్‌ఐఎన్, విటమిన్ ఏ లోపంతో పిల్లలకు చూపు పోవడం మీద పనిచేసింది. పెద్ద మోతాదు ఒకేసారి నోట్లో పోస్తే నెలల తరబడి కాలేయంలో నిల్వ ఉండి పనికొస్తుందని ఫీల్డులో చూశారు. 1970లో దేశవ్యాప్త పథకం వచ్చింది. 6 నెలలకోసారి 2 లక్షల యూనిట్ల సిరప్పు. అంత త్వరగా ఎందుకు అందుకున్నారంటే, నా ఉద్దేశంలో, అప్పటికే ఉన్న ఆరోగ్య కార్యకర్త ఏడాదికి రెండుసార్లు ఒక చెంచాతో చేయగల పని అది. మీ కథ రోజూ చెప్పాలి. ఏడాదికి 2 చెంచాలకూ రోజుకు అరగంటకూ చాలా తేడా ఉంది, ఆ తేడాకు ఎలా జవాబు చెప్తారో ముందే ఆలోచించుకోండి.

ఇంకొకటి నాకు మరీ ఇష్టం. 1987–90 మధ్య హైదరాబాద్ పక్కనున్న 29 పల్లెల్లో ఎన్‌ఐఎన్ ఒక అధ్యయనం చేసింది. అంగన్‌వాడీలను నడిపే కేంద్ర పథకం ఐసీడీఎస్ అప్పట్లో దశలవారీగా విస్తరిస్తోంది. పథకం వచ్చిన 15 పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారంగా మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టారు. మిగతా 14 పల్లెలకు పథకం ఇంకా రాలేదు. 2003–05లో ఆ పిల్లల్ని 13–18 ఏళ్ల వయసులో మళ్లీ వెతికి పట్టుకుని చూస్తే, ఉప్మా పల్లెల వాళ్లు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. రక్తనాళాల బిగుతు వాళ్లలో తక్కువ, ఇన్సులిన్ పనితీరు కూడా మెరుగు. తల్లి కడుపులో ఉన్నప్పుడు తిన్న తిండి పదిహేనేళ్ల తర్వాత గుండె దగ్గర కనిపించిందన్నమాట. పదిహేనేళ్లు ఏ మంత్రీ ఆగడు, నిజమే. కానీ ఇందులో మీకు పనికొచ్చేది వేరే ఉంది. పోల్చి చూడటానికి వీలైందంటే పథకం అన్ని ఊళ్లకూ ఒకేసారి రాకపోవడం వల్లే. ఏ కొత్త పథకమైనా 'మొదటి దశ, రెండో దశ' అని వినిపిస్తే ఆ జాబితా సంపాదించి, రెండో దశ మొదలుకాకముందే అక్కడి పిల్లల్ని ఒకసారి కొలిచి పెట్టుకోండి. ఆ అవకాశం మళ్లీ రాదు.

కొత్త సర్వే అవసరం లేకపోనూవచ్చు. యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి ఏపీ, తెలంగాణల్లో 3,000 మంది పిల్లల్ని వెంటాడుతూ వచ్చింది. బేగంపేటలోని పరిశోధన సంస్థ సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్) ఇందులో భాగస్వామి. సమాచారం పరిశోధకులకు అందుబాటులోనే ఉంది.

డబ్బు సంగతి. అంగన్‌వాడీ టీచర్ గౌరవ వేతనానికి 2018 అక్టోబరులో కేంద్రం ఖరారు చేసిన మొత్తం నెలకు 4,500 రూపాయలు. మన రాష్ట్రం 2021లో దాన్ని 13,650 చేసింది. తేడా భరించేది రాష్ట్రమే. కాబట్టి "ఇంకో టీచర్‌ని పెట్టండి" అన్న వాక్యం ఆర్థిక శాఖ చెవిలో ఎలా వినిపిస్తుందో ఊహించండి. అడగొద్దనడం లేదు. అడిగేటప్పుడు ఒక సెంటర్‌కు నెలకు ఎంత, జిల్లాకు ఎంత అని లెక్క వేసుకుని వెళ్లండి. బడ్జెట్ అసెంబ్లీకి వచ్చేది సాధారణంగా ఫిబ్రవరి, మార్చిలో, శాఖలు అంచనాలు కట్టేది అంతకు నెలల ముందే. మార్చిలో వెళ్తే టీ ఇచ్చి పంపుతారు.

"మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే" అన్న స్లైడు దయచేసి తీసేయండి. 2020 జాతీయ విద్యా విధానంలోనే ఉంది ఆ మాట. దాన్ని చూడని అధికారి ఈ ఊళ్లో ఉండరు. ఆ స్థానంలో తల్లుల మాట పెట్టండి, ఎందుకంటే మీ కథకు అసలు పోటీ గల్లీ చివరి కాన్వెంట్‌తో. "మూడేండ్లొచ్చినయ్, ఇంకా ఏబీసీడీ రాస్తలేడు" అని తల్లి అంటే టీచర్ కథ పక్కనపెట్టి పలక తీస్తుంది. అస్సాం, రాజస్థాన్, తెలంగాణల్లో 14,000 మంది పిల్లల్ని నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా గమనించిన అధ్యయనం ఒకటుంది, అంబేడ్కర్ యూనివర్సిటీ ఢిల్లీ, అసర్ సెంటర్ కలిసి చేశాయి. అటు అంగన్‌వాడీల్లో, ఇటు ప్రైవేటు ఎల్‌కేజీల్లో, ఎక్కడా వయసుకు తగ్గ చదువు సరిగా లేదని అందులో తేలింది. తల్లులతో మాట్లాడేటప్పుడు నేను అదే ముందు పెడతాను, "ఫీజు కట్టినా ఇదే వరుస" అని.

చివరిగా, మీరు వచ్చే నెల సెక్టార్ మీటింగులో పావుగంట అడిగి మీ ఫలితాలు టీచర్లకే చెప్పి చూడండి. నేను మొదటిసారి చెప్పినప్పుడు అందరూ బాగుందన్నారు, చప్పట్లు కూడా కొట్టారు. వెనక వరుసలోంచి ఒకావిడ, "మేడం, ఆయా లేని సెంటర్ల గూడ ఇది నడుస్తదా?" అంది. నేను నీళ్లు నమిలాను, కథ బాగా సాగిన సెంటర్లన్నీ ఆయా ఉన్నవే. మీ థీసిస్‌లోని సెంటర్లలో ఆయా లేనివి ఎన్ని? రెండు మూడే ఉన్నా సరే, వాటి లెక్క విడిగా తీసి ఇక్కడ పెట్టండి, చూస్తాను.