పెళ్లయిన మర్నాడు ఆమె ఏ గదిలో కూర్చుంది?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి రెండుసార్లు చదివానమ్మా. చివర్లో పెళ్లి చేసి కథ ముగించావు. "పాత ఇంగ్లీషు నవలలన్నీ ఇలాగే ముగుస్తాయి కదండీ" అని చీటీ కూడా పెట్టావు. నిజమే. కానీ ఆ నవలలు మూడుముళ్ల దాకా వచ్చేలోపు ప్రతి పౌనూ లెక్కపెడతాయి. నీ నవలలో ఆ లెక్క లేదు.

1813లో వచ్చిన జేన్ ఆస్టిన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' మళ్లీ తెరువు. కథానాయిక ఎలిజబెత్‌నీ, ఆమె చేసుకునే డార్సీనీ కాసేపు పక్కన పెట్టి, ఎలిజబెత్ స్నేహితురాలు షార్లెట్ లూకస్‌ను చూడు. 27 ఏళ్లు, అందం అంతంతమాత్రం, చేతిలో డబ్బు లేదు. కాలిన్స్ అనే పాదిరీ ఎలాంటివాడో తెలిసే అతనితో పెళ్లికి ఒప్పుకుంది. అక్క పెళ్లి లేకుండా ఉండిపోతుందన్న తమ్ముళ్ల బెంగ తీరిందని ఆస్టిన్ ఒక్క వాక్యంలో చెప్పేస్తుంది. తర్వాత ఎలిజబెత్ ఆ కాపురం చూడ్డానికి వెళ్తుంది. షార్లెట్ పగలంతా వెనకవైపు గదిలో కూర్చుంటుంది. అంతకంటే పెద్దదీ హాయైనదీ భోజనాల గది ఉండగా ఇదెందుకో ఎలిజబెత్‌కు ముందు తోచదు. తర్వాత తెలుస్తుంది: ఆ మంచి గదిలో కూర్చుంటే, రోడ్డు కనిపించే తన గది వదిలి మొగుడు కూడా అక్కడే తిష్ట వేస్తాడు. తోటపని ఒంటికి మంచిదని అతన్ని బయటికి పంపేదీ ఆమే. ఏడుపు లేదు, గొడవ లేదు. ఒక గది ఎంచుకోవడంలో కాపురమంతా కనిపిస్తుంది.

అప్పటి ఇంగ్లండులో పెళ్లయిన ఆడదాని డబ్బు, విడిగా ఒప్పందం రాసుకోకపోతే, మొగుడిదే. 1870 చట్టంతో కొంత, 1882 చట్టంతో చాలావరకు అది మారింది. ఇది మనసులో పెట్టుకుని షార్లెట్ బ్రాంటీ 'జేన్ ఎయిర్' (1847) చదువు. తను ప్రేమించిన రాచెస్టర్‌ను వదిలి వెళ్లిన రాత్రి జేన్ దగ్గరున్నవి 20 షిల్లింగులు. తిరిగొచ్చేసరికి తండ్రి సోదరుడి ఆస్తి 20,000 పౌన్లు దక్కి, ముగ్గురు మేనత్త పిల్లలతో కలిసి నలుగురూ పంచుకోగా తన వాటా 5,000. "నేను అతన్ని పెళ్లి చేసుకున్నాను" అని ఆమె చెప్పే మాటలో ఆ సొమ్ము ఇచ్చిన ధైర్యముంది. పెళ్లి తర్వాత ఆ సొమ్ము ఎవరిదన్న ఊసు మాత్రం నవలలో లేదు. నాకది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

జార్జ్ ఎలియట్ 'మిడిల్‌మార్చ్' (1871–72)లో పెళ్లి మొదట్లోనే అయిపోతుంది. కొత్త పెళ్లికూతురు డొరోథియా రోమ్‌లో ఒంటరిగా కూర్చుని ఏడుస్తుంటుంది, భర్త పుస్తకాల్లో మునిగి ఉంటాడు. చనిపోయాక కూడా వదలడు. తన బంధువు లాడిస్లాను ఆమె చేసుకుంటే ఆస్తి దక్కదని వీలునామాకు ఒక ముక్క తగిలించి పోతాడు.

నా మొదటి నవలకు ఒక సంపాదకుడు "పెళ్లి చేసేయండి, పాఠకులు సంతోషిస్తారు" అన్నారు. చేశాను. ఆ చివరి పేజీ ఇప్పటికీ తిప్పి చూడలేను. అందుకే నిన్ను ఇంతగా అడుగుతున్నాను. నీ కథలో అమ్మాయి జీతం ఎవరి ఖాతాలో పడుతుంది? పుట్టింటి బంగారం ఎవరి బీరువాలో ఉంది? కట్నం మాట్లాడుతున్నప్పుడు ఆమె ఏ తలుపు వెనక నిలబడి వింది?

పెళ్లి అధ్యాయం తీసేయమనను. దాని తర్వాత ఇంకొకటి రాయి. మూడు నెలలయ్యాక, మధ్యాహ్నం పూట, ఆ ఇంట్లో ఆమె ఎక్కడ కూర్చుందో రాసి నాకు పంపు.