ఏడాదంతా వదలని తామర: తప్పు ఉక్కపోతదా, క్రీముదా?

ప్రశ్న: నా వయసు 38 ఏళ్లు. విజయవాడలో బైక్ మీద పార్శిళ్లు అందించే పని చేస్తాను. గజ్జల్లో, నడుము చుట్టూ తామర వేసవిలో వచ్చి చలికాలానికి తగ్గిపోయేది. రెండేళ్లుగా ఏడాదంతా ఉంటోంది. మందుల షాపులో ఇచ్చిన క్రీము రాస్తే రెండు రోజుల్లో దురద పోతుంది, మానేస్తే మళ్లీ వస్తుంది. ఇప్పుడు నా భార్యకూ మొదలైంది. వాతావరణం మారడమే కారణమా?

జవాబు: మీ అనుమానంలో నిజం ఉంది. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు కాబట్టి, వేడి పెరిగేకొద్దీ తీర ప్రాంతాల్లో ఉక్కపోత కూడా పెరుగుతుంది. చెమట ఆరక చర్మం నానిన చోట తామర ఫంగస్ సులభంగా పాతుకుంటుంది. గంటల తరబడి బైక్ సీటు మీద కూర్చునే మీకు ఆ ఇబ్బంది మరీ ఎక్కువ.

అయినా నేను ముందుగా అనుమానించేది ఆ క్రీమునే. రెండు రోజుల్లో దురద మాయమైందంటే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండే అవకాశం ఎక్కువ. ట్యూబు మీద క్లోబెటాసోల్, బెటామెథాసోన్ వంటి పేర్లు ఉన్నాయేమో చదవండి. స్టెరాయిడ్ ఎరుపునూ దురదనూ అణచివేస్తుందే తప్ప ఫంగస్‌ను చంపదు. పైగా చర్మం రక్షణ శక్తిని తగ్గించి, దాన్ని నిశ్శబ్దంగా పాకనిస్తుంది. ఇలాంటి క్రీములు చాలాకాలం వాడినవారిలో ఒక వలయం లోపల మరో వలయం కనిపిస్తుంది, గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి. ఆ చారలు పూర్తిగా పోవు. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

క్రీము మానేసి చర్మవ్యాధి నిపుణులను కలవండి. మానిన కొద్ది రోజులు దురద పెరిగినా మళ్లీ దాని జోలికి వెళ్లకండి. మచ్చ అంచున పొట్టును గీకి మైక్రోస్కోపు కింద చూస్తే ఫంగస్ పోగులు కనిపిస్తాయి. మన దేశంలో విస్తరించిన, 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టిన రకం చాలాసార్లు ఫంగస్‌ను చంపే మందైన టెర్బినాఫిన్‌కు లొంగదు కనుక, మాత్రలు వైద్యులే ఎంచాలి. వారాల తరబడి వాడవలసి రావచ్చు. మచ్చ కనబడకుండా పోయినంత మాత్రాన మీ అంతట మీరు ఆపవద్దు. షుగరు పరీక్ష కూడా చేయించుకోండి.

మొలతాడు ఉంటే తీసేయండి. తడిసిన దారం రోజంతా చర్మాన్ని ఒరుసుకుంటూ ఉంటుంది. లోదుస్తులు, తువ్వాళ్లు ఎవరివి వారికి విడిగా ఉంచి, వేడినీటిలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరబెట్టండి. మీ భార్యకు కూడా ఇప్పుడే చికిత్స మొదలుపెట్టాలి. ఆమె గర్భవతి అయినా, బిడ్డకు పాలిస్తున్నా, ఆ సంగతి మాత్రలు రాయించుకోకముందే వైద్యులకు చెప్పాలి.