దుకాణం మూసేశాక ఊళ్లోనే ఉండాలా, వెళ్లిపోవాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హనుమకొండలో ఏళ్ల తరబడి నడిపిన రెడీమేడ్ బట్టల షాపు మూసేశారు, వయసు 42, అప్పులు మిగిలాయి. జీవితంలో ఎక్కడ అడుగు తప్పిందా అని రాత్రంతా ఆలోచిస్తున్నానని రాశారు. హైదరాబాద్ వెళ్లి ఉద్యోగం చూసుకోవాలా, ఇక్కడే ఏదైనా మళ్లీ మొదలుపెట్టాలా అని అడిగారు. నాది నర్సంపేట వైపు. మీకంటే నాలుగైదేళ్లు పెద్దవాణ్ణి, నేనూ దుకాణం మూసినవాణ్ణే. బట్టల వ్యాపారం నాకు తెలియదు కాబట్టి నా సంగతి చెప్తాను.

నాది విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల దుకాణం. మా దగ్గర ఈ వ్యాపారమంతా ఉద్దెర మీదే. రైతు జూన్ నుంచి సరుకు తీసుకుపోతాడు, మిర్చి కల్లంలో ఎండి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు చేరాక ఫిబ్రవరి, మార్చిలో బాకీ కడతాడు. నేనూ డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఖాళీ చెక్కులు పెట్టి ఉద్దెరకే తెచ్చేవాణ్ణి. మందుల దుకాణం మొదలుపెట్టేటప్పుడు అందరూ రూములో ఉన్న స్టాకు చూస్తారు గానీ, అసలు పెట్టుబడి ఉండేది చిట్టా పుస్తకంలో.

2021 చివర్లో మిర్చి తోటల మీద నల్ల తామర పురుగు పడింది. మాకు అలవాటైన తామర పురుగు ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది, ఆకు పైకి ముడుచుకుంటుంది. దానికి ఏ మందు ఎప్పుడు కొట్టాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇది పూలలో దూరింది. 2015లోనే మన దేశంలో బొప్పాయి మీద కనిపించిందని తరవాత శాస్త్రవేత్తలు చెప్తే తెలిసింది. పూత రాలిపోయేది, కాయ పట్టేది కాదు. రైతులు మందు మీద మందు కొట్టారు, జిగురు అట్టలు కట్టారు. దేనికీ ఆగలేదు. కొందరు పచ్చటి తోటను అలాగే దున్నేశారు. విచిత్రం ఏమిటంటే ఆ సీజన్‌లోనే ఎనుమాములలో దేశీ మిర్చి క్వింటాల్ 30 వేలు దాటింది. పేపర్లో ఆ ధర చూసి హైదరాబాద్‌లో ఉన్న మా బంధువులు "ఈ ఏడు మీ రైతులకు పండగే కదా" అని ఫోన్ చేశారు. ధర ఉంది, అమ్మడానికి కాయ లేదు. నాకు రావాల్సింది 20 లక్షల పైనే ఆగిపోయింది. నేను ఇవ్వాల్సింది కూడా ఇంచుమించు అంతే.

మీలాగే నేనూ తప్పు ఎక్కడ జరిగిందని వెతికాను. మా బావ అయితే ఉద్దెర ఇవ్వడమే తప్పని తేల్చేశాడు. ఉద్దెర ఇవ్వని మందుల దుకాణం ఏ మండలంలో నడుస్తుందో ఆయనే చెప్పాలి. చివరికి మార్కెట్లో తెలిసిన ఒక పెద్ద అడ్తిదారు (కమిషన్ ఏజెంట్), నేను పాత లెక్కలు చెప్తుంటే మధ్యలో ఆపి, "పురుగు నిన్ను అడిగి వచ్చిందా?" అన్నాడు. ఆ మాటతో మనసు కుదుటపడిందని చెప్పను గానీ, ఆ వెతుకులాట మాత్రం అక్కడితో మానేశాను. ప్రతి నష్టంలో ఒక పాఠం ఉంటుందని వీడియోల్లో చెప్పేవాళ్లు చాలామంది. నాకు ఏ పాఠమూ దొరకలేదు. దాని బదులు ఇంకో లెక్క రాయడం మొదలుపెట్టాను: ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికి నేను ఏ పనికి గుర్తొస్తాను? మీరూ ఈ లెక్క రాయాలన్నదే నేను చెప్పదలచుకున్నది. కానీ దానికంటే ముందు అప్పుల సంగతి ఉంది.

అప్పులవాళ్లు మన ఇంటికి రాకముందే మనం వాళ్ల దగ్గరికి వెళ్లడం మంచిది. చాలా ఇబ్బందిగా ఉంటుంది, అయినా సగం గొడవ అక్కడే తగ్గుతుంది. గట్టిగా అరిచేవాడికి ముందు కట్టకండి. నేను ముందు చెక్కులున్నవాళ్లతో తేల్చుకున్నాను, ఎందుకంటే చెక్కు బౌన్స్ అయితే కేసు నేరుగా మన మీదికి వస్తుంది. అమ్ముడుపోని స్టాకు కొంత వెనక్కి తీసుకున్నారు, మిగతాదానికి వరంగల్‌లో ఉన్న చిన్న ప్లాటు అమ్మాను. బాకీ తీరిన రోజే ఖాళీ చెక్కులు, ప్రామిసరీ నోట్లు చేతికి తీసుకున్నాను. రేపు ఇస్తామంటే కదలకండి. తరవాత నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చినవి, అంటే ఏడాదికి 36 శాతం. బ్యాంకును చివరికి పెట్టాను. వన్ టైమ్ సెటిల్‌మెంట్ కింద తగ్గించి కట్టొచ్చు గానీ, మన అప్పుల చరిత్ర ఉండే సిబిల్ రికార్డులో 'క్లోజ్డ్' అని కాకుండా 'సెటిల్డ్' అని పడుతుంది, మళ్లీ లోన్‌కు పోయినప్పుడు అది అడ్డం వస్తుంది. అందుకే నేను వాయిదాలు కట్టుకుంటాననే అడిగాను, ఇంకా కడుతున్నాను. ఇంకో మాట, షాపు మూసినా జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోకపోతే రిటర్నులకు జరిమానా పెరుగుతూనే ఉంటుంది. రద్దయ్యాక మూడు నెలల్లో ఫైనల్ రిటర్న్ కూడా వేయాలి. మీ అకౌంటెంట్‌ను ఈ వారమే అడగండి.

నాకు రావాల్సిన బాకీల కోసం ఎవరి మీదా కేసు వేయలేదు. అలాంటి బాకీలకు మూడేళ్ల గడువు ఉంటుంది, అది చాలామందికి దాటిపోయింది కూడా. అప్పు ఎగ్గొట్టాలని ఎవరూ అనుకోలేదు, వాళ్ల దగ్గర లేదు, అంతే. తరవాతి పంటలకు కొందరు కొంత కొంత తెచ్చిచ్చారు. కొందరు నన్ను చూస్తే దారి మార్చుకునేవారు, నేనూ నా అప్పులవాళ్లను చూసి అదే పని చేసేవాణ్ణి కాబట్టి కోపం రాలేదు.

దుకాణం మూసిన ఏడాది హైదరాబాద్ వెళ్లిపోవాలని బట్టలు కూడా సర్దుకున్నాను. ఉప్పల్ దగ్గర ఒక గోడౌన్‌లో సూపర్‌వైజర్ పని ఉందని మా చిన్నమ్మ కొడుకు చెప్పాడు. జీతంలో ఇంటి కిరాయి, పిల్లల ఫీజు పోతే మిగిలేది ఏమీ లేదు. అది పక్కన పెట్టినా, ఆకు చూసి తెగులేదో చెప్పగలనన్న సంగతి ఉప్పల్‌లో ఎవరికి కావాలి? నర్సంపేట, నల్లబెల్లి, దుగ్గొండి దాటితే నా పేరుకు విలువ లేదు. ఇక్కడ మాత్రం అప్పులపాలైనా అది ఉంది. మా బామ్మర్ది జగిత్యాల నుంచి దుబాయ్ పోయి నిలదొక్కుకున్నాడు, కాబట్టి వెళ్లడం తప్పని నేననను. అతని చేతిలో వెల్డింగ్ పని ఉంది, అది ఎక్కడైనా నడుస్తుంది. మీ చేతిలో ఉన్నది ఎలాంటిదో మీరే చూసుకోవాలి.

ఉండిపోవడం తేలికని అనుకోకండి. సీజన్‌లో ఎనుమాముల దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాగా చేరాను. మొన్నటిదాకా "సేటు" అని పిలిచినవాళ్లు బస్తాలు దించుతూ పేరు పెట్టి పిలిచారు. తప్పేం లేదు, పేరు ఉన్నదే పిలవడానికి. కానీ మొదటి నెలల్లో ఆ పిలుపు విన్నప్పుడల్లా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. పెళ్లిళ్లకు పోవడం మానేశాను. మా ఆవిడే, "నువ్వు రాకపోతేనే నీ గురించి మాట్లాడుకుంటారు" అని ఒక పెళ్లికి లాక్కెళ్లింది. అక్కడ అందరూ పెట్టుపోతల గొడవలో ఉన్నారు, నా దుకాణం ఎవరికీ గుర్తు లేదు.

అక్కడ బస్తాలు రాసుకుంటున్నప్పుడే ఒక విషయం కనిపించింది. హైబ్రిడ్ మిర్చి విత్తనం ఖరీదైపోయి, మడిలో చల్లితే వృథా అవుతుందని రైతులు నారు కొనుక్కోవడానికి దూరం పోతున్నారు. నాకు బాకీ ఉన్న ఒక ముసలి రైతు, పైసలు ఇవ్వలేను గానీ బోరు పక్కన అర ఎకరం వాడుకోమన్నాడు. కౌలు వద్దన్నాడు, బాకీలో కొట్టేసుకున్నాం. మా ఆవిడ మహిళా సంఘం లోన్‌తో షేడ్‌నెట్, ట్రేలు, కొబ్బరి పొట్టు తెచ్చాం. ట్రేలో ఒక్కో గుంతకు ఒక్కో గింజ, 35 నుంచి 40 రోజుల్లో నారు చేతికి వస్తుంది. బుకింగ్‌కు అడ్వాన్స్, ట్రే ఎత్తేటప్పుడు మిగతాది. ఉద్దెర లేదు. పాత గిరాకీలే వచ్చారు, నారుతో పాటు ఏ మందు కొట్టాలో కూడా అడుగుతారు, అది ఉచితం. జూలైలో బతుకమ్మ, దసరా పూల కోసం బంతి నారు పోస్తాం. 2025లో వరంగల్ చపాటా మిర్చికి జీఐ ట్యాగ్, అంటే ఈ ప్రాంతపు పంటన్న గుర్తింపు, వచ్చాక ఆ నారు అడిగేవాళ్లూ కనిపిస్తున్నారు, విత్తనం మాత్రం రైతులే తెచ్చిస్తారు. ఎండాకాలం నర్సరీ ఖాళీ, అప్పుడు కోల్డ్ స్టోరేజీలో పని.

దుకాణం మీద వచ్చినంత ఇప్పుడు రావడం లేదు. బ్యాంకు అప్పు ఇంకా ఉంది. కానీ ఫోన్ మోగితే ఎవరో అని టెన్షన్ పడకుండా ఎత్తగలుగుతున్నాను.

మీ విషయంలో ఒకటే జాగ్రత్త. ప్రైవేటు ఫైనాన్స్‌వాళ్లు బెదిరిస్తుంటే ఇంట్లోవాళ్లకు చెప్పకుండా ఒక్కరే మోయకండి, కొట్టే మాట దాకా వస్తే పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. రాత్రిళ్లు నిద్ర పట్టకుండా పిచ్చి ఆలోచనలు వస్తే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే సర్కారు నంబర్, తెలుగులో మాట్లాడతారు, పైసలు పడవు.

ఇక ఉండాలా, వెళ్లాలా అన్నదానికి. మీ ప్రశ్నలో చివర ఒక్క ముక్క రాసి వదిలేశారు, మూడు స్కూళ్లకు యూనిఫాంలు మీరే కుట్టించి ఇచ్చేవారని. షాపు పోయింది గానీ ఆ హెడ్‌మాస్టర్లకు మీరు తెలుసు, మీ టైలర్లు ఎక్కడికీ పోలేదు. దానికి రోడ్డు మీద షట్టర్ కిరాయి అక్కర్లేదు. మా పిల్లల స్కూల్‌లో యూనిఫాం మాటలు ఎండాకాలం సెలవులకు ముందే అయిపోతాయి, జూన్‌లో బడి తెరిచేసరికి బట్టలు సిద్ధంగా ఉంటాయి. సంచి సర్దుకునే ముందు ఆ మూడు స్కూళ్లకు వెళ్లి, ఈ ఏడు ఆర్డర్ ఎవరికిచ్చారో కనుక్కోండి. ఇంకా ఎవరికీ ఇవ్వలేదంటే క్లాత్ అడ్వాన్స్ అడగండి. ఇచ్చేశామంటే హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకోండి, దానికీ ఏమీ ఆలస్యం కాదు.