మార్గదర్శకాలను ఉల్లంఘించగలమా?

ప్రశ్న: 2021 మేలో లాక్‌డౌన్ ఉన్నప్పుడు మా మామగారు మధ్యాహ్నం పూట హనుమకొండ నుంచి కరీంనగర్ బయలుదేరితే పోలీసులు ఆపి వెనక్కి పంపారు. ‘అవి మార్గదర్శకాలే, చట్టం కాదు, నన్నెట్ల ఆపుతరు?’ అని ఆయన ఇప్పటికీ అంటుంటారు. మార్గదర్శకాలు, నిబంధనలు, చట్టం... వీటికి తేడా ఏమిటి? ‘మార్గదర్శకాలను ఉల్లంఘించారు’ అని రాయడం సరైనదేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: మీ మామగారికి మాటల మీద మంచి పట్టు ఉంది. ఆ పట్టుతోనే చిక్కుల్లో పడ్డారు.

మార్గదర్శకం అంటే దారి చూపేది. రోడ్డు పక్కన ‘కరీంనగర్’ అని బాణం గుర్తు వేసిన బోర్డు ఉంటుంది కదా, అలాంటిది. కొత్తవాళ్లు దాన్ని చూసుకుని వెళ్తారు, తెలిసినవాళ్లు చూడకుండానే వెళ్తారు. బోర్డు ఎవరి చెయ్యీ పట్టుకుని లాగదు. నిబంధన అలా కాదు, అందులోనే బంధం ఉంది. ఇక ఉల్లంఘించడం అంటే దాటి దూకడం. హనుమంతుడి సముద్రలంఘనం అందరికీ తెలిసిందే. దూకాలంటే అడ్డంగా గోడో, కంచో, హద్దో ఉండాలి. బాణం బోర్డు మీంచి దూకడమేమిటి? అందుకే నిబంధనలను ఉల్లంఘిస్తాం, మార్గదర్శకాలనైతే పాటించం, అంతే. ‘మార్గదర్శకాల ఉల్లంఘన’ అని పేపర్లో చదివినప్పుడల్లా నాకు పంటికింద రాయి తగిలినట్టే ఉంటుంది.

అయితే కరోనా కాలం ఈ లెక్కను తారుమారు చేసింది. 2020 మార్చి 24న కేంద్ర హోంశాఖ ఇచ్చిన లాక్‌డౌన్ ఉత్తర్వుకు జతచేసిన కాగితాల పేరు మార్గదర్శకాలే. కానీ ఆ ఉత్తర్వు 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద వచ్చింది. వాటిని మీరినవారి మీద ఆ చట్టంలోని 51 నుంచి 60 వరకు సెక్షన్ల కింద, ఐపీసీ 188 కింద చర్య ఉంటుందని ఆ కాగితాల్లోనే రాశారు. 51వ సెక్షన్ అంటే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పేరేమో బాణం బోర్డు, పనేమో రైల్వే గేటు! ఇలాంటిచోట ఉల్లంఘన అనే మాటను నేనూ ఒప్పుకోక తప్పదు.

మీ మామగారి సంగతీ ఇంతే. తెలంగాణలో 2021 మే 12న మొదలైన లాక్‌డౌన్‌లో మొదట ఉదయం 6 నుంచి 10 దాకే సడలింపు. పది దాటాక గేటు పడినట్టే. అలాగని సర్కారు కాగితం మీద ఉన్నదల్లా నిలబడుతుందనీ కాదు. బయటి రాష్ట్రాల పేషెంట్లు ముందస్తు అనుమతి లేకుండా రావద్దంటూ అదే నెల 11న ఇచ్చిన సర్క్యులర్‌ను 14న హైకోర్టు నిలిపివేసింది. సరిహద్దులో ఆగిపోయిన అంబులెన్సులు గుర్తుండే ఉంటాయి.

మా ఇంట్లో పెద్దవాళ్లు దీన్ని రెండు మాటల్లో తేల్చేవారు: కానూను, హుకుం. కానూను పుస్తకంలో ఉంటుంది, హుకుం అధికారి నోటి నుంచి వస్తుంది. హుకుం ఇచ్చినాయన్ను ‘ఏ కానూను కింద?’ అని అడిగే వీలు ఆ మాటల్లోనే ఉంది. జీవో చదివేటప్పుడూ అడగాల్సింది ఇదే. పైన ఏం పేరు పెట్టారన్నది పక్కన పెట్టి, ఏ చట్టం కింద ఇచ్చారు, కాదంటే ఏం చేస్తామన్నారు అన్నవి చూడాలి.

ఇదిగో, ఇప్పుడే ‘చూడాలి’ అన్నాను. ఇది సలహానా, ఆజ్ఞా? మీకు తెలియదు. అసలు తిరకాసు ఈ ‘ఆలి’ దగ్గరే ఉంది. వలయు అంటే కావాలని కోరడం. వలయును, వలెను అరిగి ‘ఆలి’ అయ్యాయి. మన వరంగల్ వైపు ‘పోవాలె, రావాలె’ అంటాం కాబట్టి ఆ వలె ఇంకా కొంత వినబడుతుంది. ‘మా బిడ్డ పెండ్లికి మీరందరు రావాలె’ అంటే పోకపోయినా కేసు పెట్టరు, మహా అయితే మాట్లాడటం మానేస్తారు. ‘ఐదో తారీఖుకు కిరాయి కట్టాలె’ అన్నప్పుడు మాత్రం ఆ ‘లె’ వెనక ఇంటి ఓనరు నిలబడి ఉంటాడు.

ఇంగ్లిష్ ఉత్తర్వుల్లో ఈ రెంటికీ వేర్వేరు మాటలున్నాయి. 65 ఏళ్లు పైబడినవాళ్లు ఇంట్లోనే ఉండటం గురించి 2020 మే 17 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో ‘షల్’ అని ఉంది. అది ఆజ్ఞ. మే 30 నాటికి అది ‘అడ్వైజ్డ్’ అయింది, అంటే సలహా. రెండు వారాలైనా కాకుండానే అంత తేడా. రెంటినీ ‘ఇంట్లోనే ఉండాలి’ అని తెలుగు చేసినా వ్యాకరణం ఏమీ అనదు. ఇల్లు కదలొచ్చో లేదో మాత్రం ఆ ముసలాయనకు తెలియదు.

ఆ రోజుల్లో ఒక బస్సులో డ్రైవర్ సీటు వెనక అంటించిన కాగితం నాకింకా గుర్తుంది. ‘దయచేసి మాస్కు ధరించవలెను. లేనిచో రూ. 1000 జరిమానా.’ దయచేసి అని బతిమాలడం, వలెను అని గద్దించడం, వెంటనే బిల్లు చూపించడం! రాసినవాళ్లను తప్పుపట్టను, మూడింట్లో ఏదో ఒకటి పనిచేస్తుందని అనుకుని ఉంటారు.

మీరు రాసేటప్పుడు ఆజ్ఞ అయితే ‘తప్పనిసరిగా ఉండాలి’, సలహా అయితే ‘ఉండటం మంచిది’ అని విడదీయండి. నిషేధానికి ‘వెళ్లరాదు’, సలహాకు ‘వెళ్లకపోవడం మేలు’. ‘వద్దు’ను జీవోల్లోకి తేకండి, అది అమ్మ కూడా అనే మాట. శిక్ష ఉన్నవాటిని నిబంధనలు అనండి, సర్కారు వాటికి ఏ పేరు పెట్టినా సరే.

మార్గదర్శకం అనే మాట మీద మీ మామగారి అభ్యంతరం న్యాయమైనదేనని నా మాటగా చెప్పండి. కాకపోతే ఆ రోజు పదింటిలోపే కరీంనగర్ చేరి ఉండాల్సింది.