బొమ్మలతో కథ చెప్తే ఒకటో తరగతి పిల్లలు వింటారా? ఎలాంటి బొమ్మలు కొనాలి?

వింటారు. కానీ బొమ్మ కథ చక్కగా చెప్తే వినరు, తప్పుగా చెప్తేనే వింటారు.

నేను ప్రాథమిక పాఠశాల టీచర్ని. ట్రైనింగుల్లో ఎప్పుడూ అదే తంతు: రంగురంగుల చేతిబొమ్మ, గొంతు మార్చి మాట్లాడే రిసోర్స్ పర్సన్, చివర్లో చప్పట్లు. క్లాసులో అలాగే చేస్తే పిల్లలు బొమ్మను చూస్తారు, కథ వినరు. రెండో రోజు చూడటం కూడా మానేస్తారు.

మా క్లాసు బొమ్మ ఒక పాత సాక్సు. కళ్ళు చొక్కా గుండీలు. పేరు కేతిగాడు. తోలుబొమ్మలాటలో రాత్రంతా రామాయణం నడుస్తుంటే, మధ్యలో దూరి జనం నిద్రమత్తు వదలగొట్టేది కేతిగాడూ బంగారక్కే కదా!

ఓ రోజు ఏడు చేపల కథ చెప్పాను. అయ్యాక కేతిగాడు "ఇప్పుడు నేను చెప్తా" అన్నాడు.

"గడ్డిమోపా గడ్డిమోపా, ఎందుకు అడ్డొచ్చావు? పాలేరు మేపలేదు!"

"ఆవేదిరా?" అని వెనక వరస నుంచి ఒకడు అరిచాడు. క్లాసంతా లేచింది. కేతిగాడు తల ఊపుతూ "ఆవా? ఏ ఆవు?" అన్నాడు. ఒక పాప విసురుగా వచ్చి, సాక్సు మూతిని రెండు చేతులతో నొక్కి పట్టుకుని, "ముందు విను" అని గదమాయించింది. ఎండని చేప దగ్గర్నుంచి బంగారు పుట్టలో వేలు దాకా ఒక్కటీ వదలకుండా ఒప్పజెప్పింది. నా మొహం వైపు చూస్తే ఒట్టు.

నేను ప్రశ్న వేస్తే అది పరీక్ష. కేతిగాడికి చెప్పడం పెత్తనం. ఆరేళ్ళ వాళ్ళకు పెత్తనం ఇంకెక్కడ దొరుకుతుంది?

మొదట్లో పెద్ద తప్పులు చేయించండి. అలవాటయ్యాక, ఏడుగురు కొడుకులూ వేటకెళ్ళి ఆరు చేపలే తెచ్చారనండి. చెవులు రిక్కించి వింటే తప్ప అది దొరకదు.

కొనడం సంగతి అడిగారు. ఏమీ కొనకండి. మా స్టాఫ్‌రూంలో కొందరు నిమ్మలకుంట తోలుబొమ్మలు తెప్పిద్దామంటారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ తెచ్చిన గొప్ప కళ అది, కాదనను. కానీ మేకతోలు బొమ్మకు తెర కావాలి, వెనక దీపం కావాలి. పట్టపగలు నలభై మంది మధ్య దాన్ని ఊపితే అందం తెలియదు, బొమ్మ చేయి విరుగుతుంది.

ఇక పైఅధికారులు "యాక్టివిటీ ఫొటో యాప్‌లో పెట్టారా?" అని అడుగుతారు చూడండి, అదీ అసలు టెన్షన్. వినడం ఫొటోలో ఎలా పడుతుందండీ? బొమ్మ తొడుక్కున్న చేత్తో ఫోన్ పట్టుకోవడం కుదరదని చెప్పేయండి. నేనైతే అదే చెప్తున్నాను.