వానకి ఫైబర్‌లో లేజర్ వెలుతురు తగ్గుతుందా?

వాన పడినప్పుడల్లా ఫైబర్ నెట్ పోతోంది, లోపల నడిచేది లేజర్ వెలుతురే కదా, వానకి అది తగ్గుతుందా అని అడిగారు. తగ్గదు. వెలుతురు నడిచేది గాజు పోగు లోపల, అక్కడికి వాన పోదు. మాది అనంతపురం. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా మాదేనని చిన్నప్పటి నుంచి వింటున్నాం. తప్పు వానదే అయితే మాకు నెట్ పోనే కూడదు. మాకు పోయేదేమో ఎక్కువగా ఆషాఢంలో, చుక్క వాన లేనప్పుడు.

నాకు కళ్యాణదుర్గం రోడ్డులో జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు ఉంది. ఒక ఏడాది ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టడానికి ఆఖరి రోజున పల్లె నుంచి ఒక రైతు కూతుర్ని తీసుకుని వచ్చాడు. పాప నాలుగు కాలేజీలు పెట్టిందో లేదో, గోడకు పెట్టిన నెట్ బాక్సు మీద రెడ్ లైట్ కొట్టుకోవడం మొదలైంది. ఫోన్ చేస్తే "వెదర్ ప్రాబ్లమ్ సార్" అన్నారు. బయట ఎండ కాస్తోంది, గాలి మాత్రం దుమ్ము లేపుతోంది. పాప కళ్లల్లో నీళ్లు. మిగతా ఆప్షన్లు నా ఫోన్ హాట్‌స్పాట్ మీద పెట్టించాను కానీ, ఆ గంట నేను పడిన టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

సాయంత్రం లైన్ చూసే అబ్బాయి వచ్చి, వెలుతురు ఎంత వస్తోందో కొలిచే మీటర్ పెట్టాడు. మైనస్ 30 డీబీఎం చూపించింది; మైనస్ తర్వాతి అంకె పెరిగే కొద్దీ వెలుతురు తగ్గినట్టు. బాక్సు తట్టుకునేది సుమారు మైనస్ 27 వరకే. "అన్నా, స్తంభాలన్నీ చూసుకుంటూ పోదాం రా" అన్నాడు. మూడో స్తంభం దగ్గర, వేపచెట్టు పక్కన దొరికింది. ఎవరో కేబుల్‌ను బిగించి బైండింగ్ వైరుతో కట్టేశారు. గాలికి ఊగి ఊగి అక్కడే మడత పడింది. కట్టు విప్పి, పెద్ద చుట్టగా వదులుగా వేలాడదీశాడు. మైనస్ 20కి వచ్చింది. ఆ 10 తేడా అంటే వెలుతురు పది రెట్లు పెరిగినట్టు. 20 కిలోమీటర్ల ఫైబర్ కూడా తినని వెలుతురును ఆ ఒక్క మడత తినేసింది.

మీ ఇంటి దగ్గర కూడా ఇలాంటిదే ఉంటుంది. స్తంభం మీద కేబుళ్లు కలిపే జాయింట్ బాక్సుకు మూత సరిగ్గా వేయరు, పాలిథిన్ కవరు చుట్టి పోతారు. వాన నీళ్లు దిగేది అక్కడే, నెట్ పోయేది అందుకే. కొత్త కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఉన్న శ్రద్ధ స్తంభం ఎక్కాక ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు. డబ్బులు మాత్రం నెల తిరగకముందే అడుగుతారు.

లేజర్‌కు నిజంగా పడనిది వేడి. వేడెక్కితే అంతే వెలుతురు ఇవ్వడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆయుష్షు తగ్గుతుంది. మీ బాక్సులోనూ ఒక లేజర్ ఉంటుంది, సిగ్నల్‌ను తిరిగి పంపేది అదే. మే నెలలో దాన్ని రేకుల కప్పు కింద, గాలి ఆడని చోట పెట్టకండి.

ఎండ ఉన్న రోజు ఒకసారి, వాన రోజు ఒకసారి రీడింగ్ తీయించండి. తేడా 3 దాటితే వెలుతురు సగం పోయినట్టే, జాయింట్ బాక్సు తెరిచి చూపించమని పట్టుబట్టండి. ఊడిన కేబుల్ కొనను మాత్రం కంటి దగ్గర పెట్టి చూడొద్దు. చెక్ చేయడానికి వాళ్లు వాడే పెన్ను వెలుతురు ఎర్రగా కనిపిస్తుంది, నెట్ తెచ్చే లేజర్ కంటికి కనపడదు.